విమానం పెట్టిన గుడ్డు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఒక విమానం గుడ్డు పెట్టింది. నవ్వుకోండి, ఫరవాలేదు. ఆ గుడ్డుకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టినవాళ్లని నా కళ్లతో చూశాను. వాళ్లలో సగంమంది మాకు చుట్టాలే. ఇన్నేళ్ల తర్వాత ఆ సంగతి చెప్పాలనిపించడానికి కారణం మా కాలనీ పార్కు.

విజయనగరంలో మేముండే కాలనీ పార్కులో ఈమధ్య ఒక పాత యుద్ధవిమానం బొమ్మని నిలబెట్టారు. ఫైబరుతో చేసింది. కింద సిమెంటు దిమ్మ, చుట్టూ గొలుసులు, పక్కన సెల్ఫీ తీసుకోవడానికి ఒక అరుగు. భోగాపురం ఎయిర్‌పోర్టు పుణ్యమా అని ఇక్కడ అందరికీ విమానాల పిచ్చి పట్టుకుంది. దాన్ని ప్రారంభించిన రోజున ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని ఆ విమానం ఎంత ఎత్తున ఎగిరేదో, అందులో పైలట్లు ఎలా చిరునవ్వుతో చావుకి ఎదురెళ్లేవారో గంటసేపు చెప్పాడు. ఈయనతో కలిసి నేనొకసారి విహారయాత్రకి వెళ్లాను. అరకు ఘాటు ఎక్కేలోపే రెండుసార్లు బస్సు ఆపించి వాంతి చేసుకున్నాడు. అలాంటివాడు ఆకాశంలో పల్టీల గురించి చెబుతుంటే నా తోటివాళ్లు చప్పట్లు కొట్టారు. నా మనవడు ఆ విమానం బొమ్మ ఉన్న చొక్కా కొనిపించుకున్నాడు. వాడికి ఎనిమిదేళ్లు, వాణ్ణి ఏమీ అనను. అరవై దాటినవాళ్లకి ఏమొచ్చిందనేదే నా బాధ.

ఆ విమానం అందమైనదే, కాదనను. మూతి సన్నంగా, రెక్కలు వెనక్కి వాలి, చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ దాని మీద ఈ మోజు ఇన్నేళ్లయినా తగ్గకపోవడానికి కారణం వేరే అని నా ఉద్దేశం. అందులో కూర్చున్నవాడి మొహం ఎవరికీ కనబడదు. కనబడని మొహానికి ఎవరికి నచ్చిన మీసం వాళ్లు పెట్టుకోవచ్చు. చిన్నప్పుడు మా ఊళ్లో రేడియో మావయ్య ఆ పనే చేసేవాడు.

మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో, పొందూరుకి కాస్త ఎడంగా ఉండే మెట్ట ఊరు. అక్కడ రేడియో ఉన్న ఇల్లు ఒక్కటే, అది నాకు వరసకి మావయ్య అయ్యే ఒకాయనది. డెబ్బై ఒకటిలో, తూర్పున యుద్ధం జరుగుతున్న ఆ చలికాలంలో సాయంత్రం అయ్యేసరికి జనమంతా ఆయన వీధరుగు మీద చేరేవారు. రేడియో చెప్పేది కాస్త, మావయ్య కలిపేది బోలెడు. ఆయన లెక్కన ఫైటరు పైలట్ అంటే ఆరడుగుల పొడవు, ఎర్రటి మనిషి, పాలు తప్ప మంచినీళ్లు ముట్టడు, ఒక చేత్తో విమానం తోలుతూ ఇంకో చేత్తో మీసం మెలేస్తాడు. ఇదంతా ఈయనకి ఎవరు చెప్పారని ఒక్కరూ అడగలేదు. ఊరి చివర ఇంట్లో, పిల్లలమంతా పెద్దమ్మ అని పిలిచే ఒకావిడ ఉండేది. భర్త లేడు, ఒక్కగానొక్క కొడుకు మిలట్రీలో లారీ తోలేవాడు. ఆవిడా వార్తలకి వచ్చేది. అరుగు మీద చోటిచ్చేవాళ్లు లేక వీధిలోనే గోడవార నిలబడి విని, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయేది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. వరి వెన్ను తీయకుండానే ఎండిపోయింది. మాకు మిగిలింది మెట్ట మీద ఉలవచేను ఒక్కటే, అప్పటికి కాయ పట్టి ముదురుతోంది. మాకు గుగ్గిళ్లకీ చారుకీ, ఎడ్ల దాణాకీ అదే దిక్కు. ఎడ్లు రెండూ ఎముకలు తేలి ఉన్నాయి. ఉలవలు చేతికి రాకపోతే వాటిని సంతకి తోలెయ్యాలి, అవి పోతే పై ఏడు దుక్కి లేదు. ఆ చేను చుట్టూ మా మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, పొద్దున్నా సాయంత్రం తిరిగి వచ్చేది.

ఒకరోజు పొద్దున్న మేము చద్దన్నం తింటుండగా ఇంటి కప్పు అదిరేలా రెండు విమానాలు బాగా కిందుగా పోయాయి. ఆ వెనకే మెట్ట వైపు నుంచి దబ్బుమని చప్పుడు. పరిగెత్తుకెళ్లి చూస్తే మా ఉలవచేను నడుమ మనిషికన్నా పొడుగైన వెండిరంగు వస్తువొకటి పడి ఉంది. నడుమ లావు, రెండు కొసలూ సన్నం. ఒక పక్క సొట్టపోయింది, దగ్గరికెళితే కిరసనాయిలు లాంటి వాసన. ముందు బాంబు అనుకుని ఊరంతా గట్టు వెనక దాక్కుంది. ఈలోగా ఎవరిదో మేక తాపీగా వెళ్లి దానికి మెడ రాసుకుని దురద తీర్చుకుంది. మేకకి ఏమీ కాకపోయేసరికి మగాళ్లందరికీ ధైర్యం వచ్చింది.

ఇమానం గుడ్డెట్టీసినాది అని ఒక ముసలాయన తేల్చేశాడు. కాదు, పైలట్ బాబు మన ఊరిని మెచ్చి గుర్తుగా వదిలి వెళ్లాడని రేడియో మావయ్య తీర్పు చెప్పాడు. గుడ్డయినా, గుర్తయినా పూజ మాత్రం మొదలైపోయింది. మధ్యాహ్నానికి పక్క ఊళ్ల నుంచి బళ్లు కట్టుకుని వచ్చారు. తల్లులు చంటిపిల్లల్ని తెచ్చి ఆ రేకుకి నుదురు ఆనించి, మా బాబు కూడా ఇమానం తోలాల అని మొక్కుకున్నారు. వాళ్ల కాళ్ల కింద కాయలు చిట్లి ఉలవలు మట్టిలో కలిసిపోతున్నాయి.

మామ్మ ఒక్కొక్కరినీ బతిమాలింది. కాయ రాలిపోతన్నాది, గట్టు మీద నిలబడి సూడండి బావూ అంది. వినేదెవరు? మా తాత మెతక మనిషి, నలుగురిలో మాట అనలేక చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు రేడియో మావయ్య అందరూ వినేలా, "ఏటత్తా, ఆ పైలట్లు దేశం కోసం పేనాలిచ్చేస్తంటే నువ్వు నాలుగు ఉలవ మొక్కలకి ఏడుస్తన్నావేటి?" అన్నాడు. అందరూ తలలూపారు. వాళ్ల మొక్కలు కావుగా, ఊపరూ మరి. దేశభక్తి ఎప్పుడూ పక్కవాడి చేలోనే ఎందుకు పండుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మామ్మ ఇంటికి వెళ్లింది. ఇక లాభం లేదని వెళ్లిపోయిందనుకున్నాను. కాసేపటికి మొహం కడుక్కుని, పెళ్లిళ్లకి కట్టుకునే చీర కట్టుకుని, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని తిరిగొచ్చింది. నేరుగా ఆ గుడ్డు దగ్గరికెళ్లి దణ్ణం పెట్టి, కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఏమైందో అని జనం దగ్గరికి జరిగారు. మామ్మ గొంతు సవరించుకుని చెప్పుకొచ్చింది. సర్కారు మనిషి ఒకడు సైకిలు మీద ఇంటికి వచ్చి చెప్పి వెళ్లాడట. ఈ వస్తువు పడిన చోటు మహా మహిమ గలదట. యుద్ధంలో పైలట్లు తక్కువ పడ్డారు కాబట్టి ఈ సాయంత్రమే జీపు వస్తుందట. దీని చుట్టూ ఉన్నవాళ్లలో ఇంటికొక కుర్రాణ్ణి తీసుకెళ్లి, రేపటికల్లా విమానం ఎక్కించేస్తారట. ఇంత అదృష్టం మా చేలో పడినందుకు తనకి కన్నీళ్లు ఆగడం లేదంది.

మామ్మ రేడియో మావయ్య వైపు తిరిగింది. "అల్లుడా, నీ పెద్దోడు గుండ్రాయినాగ ఉన్నాడు. ఆడి పేరు ముందే సెప్పీసినాను. ఇక ఆడి కబుర్లు నీకు రేడియోలోనే ఇనిపిస్తాయి."

"ఆడికి ఎడం సెవి ఇనపడదత్తా," అన్నాడు మావయ్య మెల్లగా. ఆ పెద్దకొడుకు రెండు చెవులతోనూ ఆ మాట విని, తండ్రికన్నా ముందే గట్టు దాటేశాడు. తర్వాత చూడాలి ఊరి ఆరోగ్యం. ఒకడికి మూర్ఛ, ఒకడికి రేచీకటి, నిన్నటిదాకా బస్తాలు మోసినవాడికి గుండెదడ. పిల్లల నుదుళ్లు ఆనించిన తల్లులు పైటకొంగు తడిపి ఆ పసుపు మరక తుడిచి తుడిచి పిల్లల్ని ఎత్తుకుపోయారు. ఎవరి కొబ్బరి చిప్ప వాళ్లు మరిచిపోకుండా ఏరుకున్నారు. కళ్లు మూసి తెరిచేలోగా చేను ఖాళీ. పరుగులో ఇంకో నాలుగు సాళ్లు తొక్కేశారు కానీ, అవతలి సగం దక్కింది.

నేను పగలబడి నవ్వుతున్నాను. మామ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. అప్పుడు చూశాను, గట్టు మీద మిలట్రీ కొడుకున్న పెద్దమ్మ ఇంకా నిలబడే ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉందట, చేలో అడుగు పెట్టలేదు. ఇప్పుడు చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని, మొక్క మొక్కకీ మధ్య వేళ్ల మీద నడుస్తూ లోపలికి వచ్చింది. మామ్మ కంగారు పడింది. జీపు మాట అబద్ధమనీ, వాళ్లని తోలడానికే అన్నాననీ చెప్పింది. పెద్దమ్మ తనకి తెలుసన్నట్టు తలూపింది. జీపుల్లో వచ్చి ఎవర్నీ ఎత్తుకుపోరనీ, ఎల్లేవోడు ఆడే ఎల్తాడనీ అంది. ఆ రేకు మీద చెయ్యి వేసి మామ్మని అడిగింది.

"ఇది వదిలేసిన బాబు కిందకి దిగీసినాడా వదినా?"

మామ్మ నవ్వు ఆగిపోయింది. తెలియదంది.

"ఎవులూ అడగనేదా?"

అడగలేదు. పొద్దుటి నుంచి ఆ చేలో అంతమంది అన్ని మాటలు మాట్లాడారు. పైలట్ మీసం గురించి, తాగే పాల గురించి, ఎర్రటి రంగు గురించి మాట్లాడారు. ఆ అబ్బాయి నేల మీదకి దిగాడా అన్న మాట ఒక్క నోటి నుంచీ రాలేదు. దిగీసుంటాడులే వదినా అని మాత్రం అంది మామ్మ. తర్వాత ఆ ఇద్దరూ వంగి, వాలిన మొక్కల్ని లేపుతూ, రాలిన కాయల్ని ఒడిలో ఏరుతూ పొద్దుగూకే దాకా ఉన్నారు. నేనూ ఏరాను.

తమాషా ఏమిటంటే మర్నాడు నిజంగానే జీపు వచ్చింది, ఆ వస్తువుని పట్టుకెళ్లడానికి. ఊళ్లో సాయం పట్టడానికి ఒక్క కుర్రాడు దొరకలేదు, అందరూ జీడితోటల్లో దాక్కున్నారు. మా తాతా, మామ్మా, పెద్దమ్మా, జీపులో వచ్చిన ఇద్దరూ కలిసి ఎత్తారు. పెద్దమ్మ ఆ ఇద్దర్నీ అదే ప్రశ్న అడిగింది. పాపం, తమకి తెలియదని వాళ్లు మర్యాదగానే చెప్పారు. వారం తిరక్కుండా రేడియో మావయ్య మళ్లీ అరుగెక్కాడు. ఈసారి కథలో పైలట్ కిందకి వంగి మావయ్యకే చెయ్యి ఊపాడు. విన్నవాళ్లు మళ్లీ తలలూపారు. దక్కిన ఉలవలతో ఎడ్లు మాత్రం నిలిచాయి. ఎండాకాలంలో పెద్దమ్మ కొడుకు సెలవుకి వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. బస్సు దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరి మధ్య నుంచే నడిచి వెళ్లాడు. లారీ తోలినవాడికి దండ ఎవరేస్తారు? అరుగు మీద వాళ్లు కాస్త కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు.

పెద్దయ్యాక తెలిసింది, అది విమానం కింద తగిలించే ఇంధనం తొట్టి అని. ఖాళీ అయితే వదిలేస్తారట. లేదా ప్రాణం మీదకి వచ్చినప్పుడు బరువు దించుకోవడానికి వదిలేస్తారట. ఇందులో ఆ రోజు జరిగింది ఏదో నాకు తెలియదు. విమానాలు రెండు వచ్చాయి కదా, రెండూ ముందుకి వెళ్లాయా అని ఊళ్లో చాలామందిని అడిగి చూశాను. ఒక్కరూ చెప్పలేకపోయారు. అందరూ పడినదాన్నే చూశారు.

ఆ తర్వాత చాలా రోజులు ఆ పెద్దమ్మ సాయంత్రంపూట ఆ గట్టు మీదకి వచ్చి కూర్చునేది. ఏమిటని మామ్మ అడిగితే, ఆడికీ తల్లుంటాది కదా వదినా అనేది. పేరూ ఊరూ తెలియని ఆ అబ్బాయి దిగాడన్న కబురు కోసం మా ఊళ్లో ఎదురుచూసింది ఆవిడ ఒక్కతే. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఆ ఎదురుచూసే పని నేను చేస్తున్నాను.