నాలుగో పేజీ

అక్క రాసిన నాలుగు పేజీల్లో చివరిది తీసేసి, మిగతా మూడింటినీ ఆమె మాటగా చలామణీ చేశారు. ఆమెకి జరిగిన అన్యాయం ఇంతే. చెప్పుకోవడానికి ఒక్క వాక్యం, మోయడానికి బతుకంతా.

బడులకీ ఆఫీసులకీ కంప్యూటర్లు టోకున అమ్మే కంపెనీలో, పరీక్ష గదిలో ఆమె ఉద్యోగం. ఏ కొత్త రకం వచ్చినా ముందు ఒకటి ఆమె బల్ల మీదికి వచ్చేది. నలభై రోజులు సొంతదానిలా వాడి మంచీ చెడూ రాసిచ్చేది. డబ్బా మీద అచ్చేసిన బరువుని నమ్మేది కాదు. వంటింటి కాటా ఒకటి పెట్టుకుని ప్రతిదాన్నీ తూచేది. అందుకే ఆఫీసులో అందరూ ఆమెని ‘తక్కెడ’ అనేవాళ్ళు, మొదట్లో వెక్కిరింతగా, పోనుపోను కాస్త భయంగా.

ఆ ఏడాది వచ్చింది ఆ పలచటి ల్యాప్‌టాప్. మొదటి సాయంత్రం అక్క దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ఇంట్లోకి రావడం తమ్ముడికి ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. పెళ్ళి మాట ఎత్తితే మొహం ముడుచుకునే మనిషి, ఆ రోజు కొత్త పెళ్ళికూతురిలా నవ్వుతోంది.

“కిలోకి యాభై గ్రాములు తక్కువ. డబ్బా మీద వంద తక్కువని రాశారు. అబద్ధమే అనుకో, కానీ ముద్దొచ్చే అబద్ధం,” అంది. “లోపల ఫ్యాను కూడా లేదు. చప్పుడు చెయ్యకుండా పని చేసుకుపోతుంది.”

“చప్పుడు చెయ్యనివాళ్ళు పని చేస్తారంటే నేను నమ్మను వదినా,” అంది మరదలు, పసిదాన్ని భుజానేసుకుని. “మీ తమ్ముణ్ణి చూడండి. చప్పుడూ లేదు, పనీ లేదు.”

నెలరోజులు అక్క దాన్ని వదల్లేదు. బస్సులో ఒళ్ళో పెట్టుకుంటే ఉందో లేదో తెలిసేది కాదు. కిటికీ పక్కన ఎండ పడుతున్నా తెర మీద అక్షరం చెదిరేది కాదు. మీటలు లోతు తక్కువ, అయినా వేళ్ళు నొప్పి పుట్టవు. తొమ్మిది గంటలన్న ఛార్జింగు ఏడున్నర వచ్చింది. అదీ తక్కువేం కాదు. ఇవన్నీ మూడు పేజీల్లో రాసింది. ఇష్టపడ్డ దాని గురించి రాస్తే ఎంత బాగా రాస్తారో అంత బాగానూ రాసింది.

నాలుగో పేజీకి కారణం ముప్ఫై అయిదో రోజున దొరికింది. మూత వేసి, ఛార్జింగు పెట్టి వదిలేస్తే లోపలి వేడి బయటికి పోయే దారి లేదు. తలుపులన్నీ బిగించిన గదిలో కుంపటి పెట్టినట్టే. ఆమె దగ్గర ఒక పాత అద్దం పలక ఉండేది. యంత్రాన్ని దాని మీద పెట్టి, మూల మీద వేలితో తోసేది. అడుగు చదునుగా ఉంటే కదలదు. బ్యాటరీ ఉబ్బితే మధ్యలో బొడిపె లేచి, బొంగరంలా తిరుగుతుంది. ఆ రోజు అది పావు వంతు తిరిగి ఆగింది. అక్క రాసింది: బ్యాటరీ ఉబ్బుతోంది, ముందు ముందు నిప్పంటుకోవచ్చు, కొనొద్దు.

ఆమెకో అలవాటు ఉండేది. ప్రతి పేజీ కిందా సంతకం పెట్టేది, ఎవరూ మధ్యలో పేజీ మార్చకుండా. ఎవరూ మార్చలేదు. చివరిది తీసేశారంతే. మూడో పేజీ కింద సంతకం ఉండనే ఉంది, చదివినవాళ్ళకి అదే ముగింపు. చిన్నవాళ్ళ జాగ్రత్తలన్నీ పెద్దవాళ్ళకి ఇలాగే పనికొస్తాయి.

ఆమె వెళ్ళి అడిగితే కంపెనీ పెద్దసారు కుర్చీలోంచి కదలకుండానే నవ్వాడు. “మూడు పేజీలు మెచ్చుకుని ఒక పేజీ తిడితే ఎలా తక్కెడమ్మా? నేనూ తూచాను. మెప్పే బరువు తూగింది. ఆ శాంపిలు నువ్వే ఉంచుకో. నా కానుక అనుకో.”

నూట నలభై యంత్రాలు బడి టీచర్లకి వెళ్ళాయి. అక్క కానుక పుచ్చుకుని ఇంటికొచ్చింది. నోరు మూసుకోవడానికి పుచ్చుకుందని ఆఫీసంతా అనుకుంది. తమ్ముడూ అలాగే అనుకున్నాడు. దాచుకోవడం దేనికి, కొన్నాళ్ళు ఆమెతో సరిగా మాట్లాడలేదు కూడా.

ఆమె పుచ్చుకున్నది సాక్ష్యాన్ని. ఛార్జింగు పూర్తిగా దించేసి, మళ్ళీ పెట్టలేదు. అయినా ఉబ్బు ఆగలేదు. రోజూ పొద్దున్నే పళ్ళు తోముకోకముందే అద్దం పలక మీద తిప్పి చూసేది. మార్చిలో అర చుట్టు. మేలో చుట్టున్నర. జూన్‌కల్లా మూడు చుట్లు తిరిగి, అప్పుడు కూడా ఆగాలా వద్దా అన్నట్టు ఊగేది. అంచు దగ్గర అతుకు గోరు దూరేంత విచ్చుకుంది. అడుగున కంపెనీ సీలు మాత్రం చెక్కుచెదరలేదు. విప్పితే బ్యాటరీ ఆమే మార్చిందంటారు. ఫొటో చూపిస్తే అది వేరే యంత్రమంటారు. విప్పకుండా, పేలకుండా, ఉన్నదున్నట్టు చూపించాలి.

కంపెనీ మనిషి ఒకడు వచ్చాడు. “శాంపిలు వెనక్కిమ్మన్నారమ్మా.”

“కానుక అన్నారు కదా బాబూ?”

“అన్నట్టు కాగితం ఉందా?”

“వెనక్కి అడుగుతున్నట్టు నీ దగ్గరుందా?”

మళ్ళీ వారం వచ్చాడు. మూడోసారి గుమ్మం దగ్గర ఏమీ అడగలేదు. ఇంటి చుట్టూ ఒకసారి నడిచి, కిటికీలు చూసుకుని వెళ్ళిపోయాడు.

ఆ నెలాఖరులోనే ఒక బడిలో, టీచర్ల గది బీరువాలో, మూసి పెట్టిన ల్యాప్‌టాప్ అంటుకుంది. పిల్లల కాగితాలు కాలిపోతున్నాయని చేతులు పెట్టిన టీచరమ్మకి రెండు అరచేతులూ పోయాయి. మర్నాడు పేపర్లో అక్క మూడు పేజీల సంగతి వచ్చింది, సంతకంతో సహా. విచారణ వేశారు. అక్క వెళ్ళి, నాలుగో పేజీ ఉందని, యంత్రం తన దగ్గరే ఉందని చెప్పింది. సీలు చెడకుండా విచారణ రోజున తెమ్మన్నారు. మిగిలిన నూట ముప్ఫై తొమ్మిదీ అంతవరకూ టీచర్ల దగ్గరే ఉంటాయన్నారు.

ఆ సాయంత్రం తమ్ముడు ఆగలేకపోయాడు. “అక్కా, నీ గోడకి అవతలే పసిది పడుకుంటోంది.”

“తెలుసు.”

“తెలిసీనా? ఇచ్చెయ్ వాళ్ళకి. పొరపాటైందని ఒక ముక్క రాసిచ్చెయ్. నాలుగు రోజులు తిడతారు, మర్చిపోతారు.”

“ఆ టీచరమ్మ మర్చిపోతుందా?”

“నువ్వు కాల్చావా ఆవిణ్ణి?”

“నా సంతకం కాల్చింది.”

“సంతకం కూడెడుతుందా?” అన్నాడు తమ్ముడు. అని, నాలిక కరుచుకున్నాడు. ఆ ఇంటికి అద్దె కట్టేది ఆ సంతకమే.

మరదలు వంటింట్లోంచి వచ్చి మెల్లిగా అంది, “వదినా, మీరు చేస్తున్నది తప్పని నేననను. ఇక్కడ చెయ్యకండి.”

“నువ్వొక్కదానివే సరిగ్గా మాట్లాడావు అమ్మాయ్,” అంది అక్క.

మర్నాడే మూతపడిన దుకాణం మీద ఒంటి గది అద్దెకి తీసుకుంది. ఇనప బకెట్టులో ఇసుక పోసి, అందులో యంత్రాన్ని నిలబెట్టి, కిటికీ కింద పెట్టుకుంది. మంచం గుమ్మానికి అడ్డంగా వేసుకుంది. విచారణ ఒకసారి వాయిదా పడింది. మళ్ళీ పడింది. రెండుసార్లూ పెద్దసారుకి ఒంట్లో బాగాలేదు. అక్కకి అర్థమైంది, వాళ్ళు ఆమె కోసం కాదు, బకెట్టులో ఉన్నది దానంతటదే పేలి బూడిదయ్యే రోజు కోసం ఎదురుచూస్తున్నారని.

తమ్ముడు చివరిసారి వెళ్ళినప్పుడు విచారణకి ఇంకా పదకొండు రోజులు. అక్క చిక్కిపోయింది. కళ్ళు మాటిమాటికీ కిటికీ కిందికి పోతున్నాయి. బకెట్టు మీద కప్పిన రేకు కొంచెం ఒక పక్కకి లేచి ఉంది. అతను అటు ఒక్క అడుగు వేశాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

“నేను తోడుంటాను అక్కా, ఈ పదకొండు రోజులూ.”

ఆమె ఒప్పుకోలేదు. మెట్ల దాకా వచ్చి, అతను రెండు మెట్లు దిగాక పిలిచింది.

“ఒరేయ్, అది చిట్లితే ముందు తియ్యటి వాసన వస్తుంది, పండు మాగినట్టు. ఈసారి వచ్చినప్పుడు తలుపు కొట్టేముందు వాసన చూడు. అలా వస్తే కొట్టకు, నన్ను పిలవకు. దిగి ఇంటికెళ్ళిపో.”