బ్రేకులో పోసిన నూనె

ఊళ్ళో ఎవరి పురుగుమందు కొట్టే పంపు మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవాళ్ళు. విప్పి, వాషరు మార్చి, నూనె పోసి ఇచ్చేవాణ్ణి. దాంతో ఇనుముతో చేసిందేదైనా నా మాట వింటుందని ఒక పొగరు పట్టుకుంది నాకు. అందుకే రెండేళ్ళ కిందట, మిరపకోతల రోజుల్లో, మా చిన్న ట్రాలీ బండికి బ్రేకులు సరిగా పడకపోతే మెకానిక్కు దగ్గరికి పోలేదు.

మూత తీసి చూస్తే బ్రేక్ ఆయిల్ అడుగంటింది. కొనాలంటే పెదకాకాని దాకా పోవాలి. తెల్లారితే కూలీలను చేలో దింపాలి. పంపుల్లో పోసే ఇంజనాయిలు డబ్బా చేతికందేంత దూరంలో ఉంది. నూనె నూనే కదా అనుకుని పోసేశాను. తొక్కి చూస్తే బ్రేకు బిగువుగా తగిలింది. మనసులో నా భుజం నేనే తట్టుకున్నాను.

నాలుగో రోజుకి బండి బరువుగా లాగడం మొదలెట్టింది. చక్రం దగ్గర చెయ్యి పెడితే చురుక్కుమంది. పట్టిన బ్రేకు విడవడం లేదు. అప్పుడైనా ఎందుకని ఆలోచించాలా? లేదు. స్పానరు తీసుకుని నాలుగు చక్రాల దగ్గరా బ్రేకులు వదులు చేశాను. బండి తేలిగ్గా కదిలింది. రోగాన్ని కనపడకుండా చేసి, నయం చేశాననుకున్నాను.

మర్నాడు పొద్దున వెనక పదిమంది ఆడవాళ్ళు, ముందు నా పక్కన వదిన. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే. వాగు వంతెన దగ్గర గొర్రెల మంద అడ్డం వచ్చింది. బ్రేకు తొక్కాను. కాలు అడుగుదాకా దిగిపోయింది. మళ్ళీ తొక్కాను. ఏమీ లేదు. స్టీరింగు తిప్పి, ఏరేసిన పత్తిచేలోకి దింపాను. బండి గట్టుకి కొట్టుకుని ఒరిగింది. వెనకవాళ్ళకి చిన్న దెబ్బలతో పోయింది. రెండు చేతులా కిటికీ అంచు పట్టుకున్న వదిన కుడి మణికట్టు తలుపుకీ గట్టుకీ మధ్య నలిగింది.

మెకానిక్కు బండి విప్పి, ఉబ్బిపోయిన రబ్బరు వాషరు నా అరచేతిలో పెట్టాడు.

"ఏం పోశావయ్యా ఇందులో?"

"ఏం పోయలేదు."

"ఇంజనాయిలు పోస్తే రబ్బరు ఇట్టాగే ఉబ్బి పాడైపోతుంది. పైగా బ్రేకులు వదులు కూడా చేశారెవరో. ఇంకెక్కడ పడతాయి?" అన్నాడు. ఆ మాటను ఆ షెడ్డు దాటి బయటికి రానివ్వలేదు నేను.

కట్టు విప్పాక వచ్చిన ఆదివారం, మా చర్చి మందిరంలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పే వేళ వదిన లేచి నిలబడింది. "బ్రేకులు ఫెయిలైనా, దేవుడు మా మరిది చేతుల్లో ఉండి బండి తిప్పించాడు. లేకపోతే ఈ అక్కచెల్లెళ్ళెవరూ ఇవాళ ఇక్కడ ఉండేవాళ్ళు కారు" అని ఏడ్చింది. అందరూ స్తోత్రం అన్నారు. కొందరు నా వంక తిరిగి చేతులు జోడించారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా నోరు విప్పలేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఏడాది పాటు ఆవిడ అదే సాక్ష్యం చెబుతూ వచ్చింది. మణికట్టు మాత్రం తిరగలేదు. మిరపకాయ తుంచడానికి ఆ వేళ్ళు ఇక పనికి రాలేదు.

ఒక సాయంత్రం ఆవిడ ఎడమచేత్తో అన్నం కలుపుకుంటుంటే చూడలేక చెప్పేశాను. నూనె సంగతి, వదులు చేసిన సంగతి, మెకానిక్కుతో ఆడిన అబద్ధం, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేసింది.

"చెయ్యి పోతే పోయింది అబ్బాయ్. ముంచింది నువ్వేనని తెలియక మందిరంలో నిలబడి నిన్ను పొగిడాను. దేవుడి ముందర నా చేత అబద్ధం చెప్పించావు గదరా" అంది.

ఇప్పటికీ ఆదివారాలు పాస్టరుగారు సాక్ష్యాలున్నవాళ్ళని లేవమంటారు. వదిన లేవదు. కొంగు తలమీదికి లాక్కుని, నేల చూస్తూ కూర్చుంటుంది.