అత్తమ్మ చేతిలో చిత్రాల రాయి

మా అత్తమ్మ పోయారు. పోయిన ఆదివారం చర్చికి వెళ్ళడానికి చీర కట్టుకుని, కాసేపు కూర్చుంటానని హాల్లో కుర్చీలో కూర్చున్నారు. నేను టీ తెచ్చేసరికి లేరు.

మారేడ్‌పల్లిలో చాలామందికి ఆమె కాలేజీలో జియాలజీ చెప్పిన మేడమ్. రిటైరయ్యాక కూడా ఎక్కడైనా ఇంటికి పునాది తవ్వుతుంటే ఆగి గుంతలోకి తొంగి చూసేవారు. మా చుట్టుపక్కల వాచ్‌మన్‌లు ఆమెకు కుర్చీ వేసేవాళ్ళు. నాకు మాత్రం పెళ్ళయిన కొత్తలో ఆమె అంటే బెరుకు. కోపిష్టి అని కాదు. ఎవరినీ ఏదీ అడగరు. తిన్న పళ్ళెం తనే కడుక్కుంటారు, తన మందులు తనే తెచ్చుకుంటారు. అట్లాంటి మనిషికి ఏం చేసి దగ్గరవ్వాలో తెలిసేది కాదు.

మా ఇద్దరినీ కలిపింది ఒక రాయి. మా తమ్ముడు చేపల తొట్టి తీసేస్తూ అందులోని రాళ్ళన్నీ బకెట్‌లో పోసి మా బాల్కనీలో పెట్టి పోయాడు. వాటిలో ఒకటి కొబ్బరికాయంత ఉంది. ఒకవైపు మట్టిరంగు పొక్కు కట్టినట్టుంది, ఇంకోవైపు విరిగి ఉంది. మాట కలపడానికే అన్నట్టు తీసుకెళ్ళి, “అత్తమ్మా, ఇదేం రాయి?” అన్నాను.

ముందు చేతిలో తూచినట్టు ఎత్తి చూశారు. విరిగిన అంచు మీద బొటనవేలు నడిపారు. “గాజు పెంకు లెక్క విరిగింది. కత్తి తెచ్చి గియ్యి.” గీశాను. రాయికి గీత పడలేదు, కత్తి ఇనుమే నల్లగా దానికి అంటుకుంది. వెనిగర్ చుక్క వేయమన్నారు. నురగ రాలేదు. “అయితే సున్నపురాయి గాదు. ఫోన్ లైటు పెట్టు. పల్చటి అంచు నుంచి వెలుగు ఇవతలికొస్తుందా?”

“లేదత్తమ్మా.”

“అయితే వెలుగు పారే అగేట్ రాయి సుత గాదు. జాస్పర్. చర్చిల బైబిల్ చదివేటప్పుడు సూర్యకాంతమని వింటవు గదా, అదే. బురదలకు ఇసుకల ఉండే సిలికా ఇంకి ఇంత గట్టిగయింది. ఇంతకూ బొమ్మ ఏముంది దీనిమీద? బొమ్మలుంటే పిక్చర్ జాస్పర్ అంటరు.”

“మీరే చూడండి” అని చేతికిచ్చాను. ఆమె ముఖం కిటికీ వైపు తిప్పి, రాయిని కంటి కొసకు తెచ్చుకుని, అటూ ఇటూ తిప్పారు. చూస్తున్నది మట్టి పొక్కు ఉన్న వైపు; బొమ్మ ఉన్నది విరిగిన వైపు. అప్పుడు తట్టింది నాకు: గీత, నురగ, వెలుగు, కళ్ళతో చూడాల్సినవన్నీ నాతోనే చూపించుకున్నారు.

“అత్తమ్మా, కనిపిస్తలేదా?”

రాయి నా చేతికిచ్చేశారు. “నడిమిట్ల మసక. పక్కలకు కనపడ్తది. పోయింది తిరిగి రాదన్నడు డాక్టర్. నువ్వు పరేషాన్ గాకు. నా కొడుక్కు చెప్పకు. తెలిస్తే నన్ను గడప దాటనియ్యడు.”

బుధవారం వస్తే తిరుమలగిరిలో ఉండే చెల్లెలి దగ్గరికి ఆటోలో ఒక్కరే వెళ్ళివచ్చేవారు. అది పోతుందని ఆమె భయం.

“నేను చెప్పనత్తమ్మా. మీరే చెప్పండి” అన్నాను. ఆ రోజే అన్నం దగ్గర చెప్పారు. మా ఆయన చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది. “ఇగ ఒక్కదానివే బయటికి పోవుడు బంద్ జెయ్యమ్మా” అన్నాడు.

“కండ్లు పోతున్నయిరా, కాళ్ళు గాదు.”

అతను లేచి బాల్కనీలోకి వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు ముఖం కడుక్కుని ఉన్నాడు. “బుధవారాలకు తెలిసిన ఆటో ఆయనను మాట్లాడ్త.”

“మాట్లాడు. నువ్వు మాత్రం ఎక్కకు” అన్నారు. ముగ్గురం నవ్వేశాం.

తర్వాత ఆ రాయిని ఏం చేద్దామన్న ధ్యాసలో పడ్డారు. రెజిమెంటల్ బజార్‌లో రాళ్ళకు సాన పట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాను. “ఉంగరానికి పనికిరాదమ్మా ఇది” అన్నాడాయన. “ఉంగరం ఎవరడిగిండ్రు? పొరలకు అడ్డంగ ఒక పలక కొయ్యి. బొమ్మంతా అండ్లనే ఉంటది.” ఆయన సన్నటి పగులు చూపించాడు. ఈమె వేలితో తడిమి, “ఏం గాదు, కొయ్యి” అన్నారు. మిషన్ మీదనుంచి పలక మూడు ముక్కలై ఊడింది. ఆయన పెద్దదానికీ ఒక చిన్నదానికీ సాన పట్టి ఇచ్చాడు. ముక్కలు ఒళ్ళో పెట్టుకుని దారంతా విరిగిన అంచులు తడుముతూనే ఉన్నారు. ఇంటి మెట్లెక్కుతూ అన్నారు: “ఆయన చెప్పిండు. నేను ఇనలే. తప్పు నాదే.”

మర్నాడు పొద్దున్నే నేను లేచేసరికి వంటింట్లో ఉన్నారు. అంతకుముందు ఒకసారి ఆమె పెట్టిన టీలో చక్కెర బదులు ఉప్పు పడి, నేను గబుక్కున పారబోశాను. ఆమె మర్చిపోలేదు. సాన పట్టిన చిన్న ముక్కను చక్కెర డబ్బా మూతకు, గరుకు ముక్కను ఉప్పు డబ్బా మూతకు అతికించమన్నారు. “నున్నగ ఉంటే చక్కెర. గరుకుగ ఉంటే ఉప్పు. ఇగ నీ టీ ఖరాబ్ గాదు.”

పెద్ద ముక్క కిటికీలో పెట్టాం. దాన్ని చూసి చెప్పడం నా పని. ఒకరోజు ఇసుక తిన్నెల వెనక వానమబ్బు ఉందని చెప్పాను. మర్నాడు ఎండిన చెరువు, దూరంగా గుట్టలు అన్నాను. “నిన్న మబ్బన్నవ్ గదా?” “ఇయ్యాల గుట్టలాగ కనిపిస్తుందత్తమ్మా.” “కానియ్యి. నేను చెప్తుంటే పిల్లలు ఏండ్లకేండ్లు రాసుకున్నరు. నాకు చెప్పేటోళ్ళు ఇప్పుడు దొరికిన్రు.” ఆ మాట అన్నాక నాకు ఆమె దగ్గర మళ్ళీ బెరుకు కలగలేదు. తలనొప్పి మందు నన్ను అడగడం, చీర కుచ్చిళ్ళు సరిచేయమనడం కూడా అప్పుడే మొదలైంది.

పోయిన నెలలో ఒక బుధవారం, “నువ్వు సుత రారాదు?” అన్నారు. అంతవరకూ ఎప్పుడూ నన్ను రమ్మని అడగలేదు. ఆఫీసుకు సెలవు పెట్టి వెళ్ళాను. అక్కచెల్లెళ్ళు కబుర్లు చెప్పుకుంటూ పాత పాటలు పాడుకున్నారు. తిరిగి వస్తుంటే సాయంత్రం తిరుమలగిరి రోడ్డు పక్కన, ఇంటంత గుండురాయి దగ్గర ఆటో ఆపించారు. నా చెయ్యి పట్టుకుని దిగి, రెండు అరచేతులూ దానిమీద ఆనించి, మెల్లగా చెంప కూడా ఆనించారు. బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు చూస్తున్నారు. ఆమె కళ్ళు మూసుకుని ఉన్నారు.

“ఎండ పోయింది గదా,” అన్నారు. “ఇంకా వేడి ఉంది. చెయ్యి పెట్టు.”

ఆమె చేతి పక్కన నా చెయ్యి పెట్టాను. నిజంగానే ఉంది.