కుడిచేతి వడ్డన

ఆ రోజు రాయదుర్గంలో మా జీన్స్ యూనిట్‌లో జేబులు కుడుతున్నాను. గుడ్డ కుడిచేతిలోంచి జారిపోయింది. మళ్లీ పట్టుకుంటే మళ్లీ జారింది. మిషన్‌ను నాలుగు తిట్లు తిట్టాను. పక్కన కుట్టే లక్ష్మి నన్ను చూసి, "ఏమక్కా, నీ నోరు ఒక పక్కకి పోయిండాది!" అని కేకేసింది. నవ్వబోతే సగం మొహమే కదిలింది.

చుట్టుపక్కల వాళ్లు ఆకుపసరు పోయించమన్నారు. నా భర్త బాషా ఎవరి మాటా వినే రకం కాదు. ఆ మొండితనంతో పెళ్లైనప్పటి నుంచీ నాకు పోట్లాటే, ఆ రోజు మాత్రం అదే నన్ను కాపాడింది. "పసరు సంగతి తర్వాత చూస్తాం, ముందు కారెక్కించండప్పా" అని నేరుగా అనంతపురం తీసుకెళ్లాడు. సీటీ స్కాన్ తీశారు. "స్ట్రోక్. తొందరగా పిల్చుకొచ్చినారు, మంచిదైంది" అన్నాడు డాక్టరు.

చచ్చుబడిన కుడికాలు త్వరగానే దారికొచ్చింది. చెయ్యి మొండికేసింది. ఫిజియోథెరపీలో మెత్తటి బంతి ఇచ్చి పిసకమనేవారు. కుట్టు తప్ప వేరే పని తెలియనిదాన్ని, ఆ చెయ్యి రాకపోతే నేనేం కావాలి? దానికి తోడు భుజం నొప్పి మొదలైంది. విసుగొచ్చి వ్యాయామం మానేశాను. రివ్యూలో డాక్టరు కోప్పడ్డాడు. "వాడకపోతే చెయ్యి పని మర్చిపోతుందమ్మా. ఇంకోటి, ఈసారి రంజాన్ ఉపవాసం వద్దు, మాత్రలు తప్పకూడదు" అన్నాడు.

ఉపవాసం ఉండలేని రోగులు పేదవాళ్లకు అన్నం పెట్టడం మా ఆచారం. ఆ నెలలోనే ఉగాది వచ్చింది. పండగపూట హోటళ్లన్నీ మూసేస్తారు. మా ఊరి ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్లకు టీ కూడా దొరకదు. అందుకని బాషా చిత్రాన్నం కలిపాడు. అతను ఉపవాసం కాబట్టి ఉప్పు చూసింది నేను. గిన్నె ఆటోలో పెట్టుకుని వెళ్లాం.

ఎడమచేత్తో గరిటె తీశాను. వరుసలో ముందున్న, బెళుగుప్ప ఊరినుంచి వచ్చిన పెద్దాయన పళ్లెం వెనక్కి లాక్కున్నాడు.

"ఏమ్మా, ఎడం చేత్తో పెడతావా? మేమేమన్నా అడుక్కునేవాళ్లమా?"

తల కొట్టేసినట్టయింది. "కుడిచెయ్యి పడిపోయింది పెద్దాయనా, గరిటె నిలవదు" అన్నాను.

ఆయన నా చేతి వంక చూశాడు. తర్వాత పళ్లెం తెచ్చి గిన్నె అంచుకు ఆనించాడు. "అట్లయితే నిదానంగా కుడిచేత్తోనే పెట్టు. మేం యాడికీ పోము. లోపల మా ఆడమనిషికి సెలైన్ ఎక్కుతాండాది."

"తొందరేం లేదులేక్కా" అని వెనకనుంచి ఇంకెవరో అన్నారు.

ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని వడ్డించాను. మొదటి గరిటె సగం నేలపాలైంది. ఎవరూ విసుక్కోలేదు. అందరికీ పెట్టేసరికి ఒళ్లంతా చెమట పట్టింది. అయినా జబ్బు చేశాక అంత సంతోషం నాకు అదే మొదలు.

ఆ తర్వాత ఏ పండగొచ్చినా మా గిన్నె ఆసుపత్రి దగ్గరే. మధ్య రోజుల్లో వ్యాయామం మానలేదు, వచ్చే పండక్కి గరిటె నిలవాలి కదా! దసరాకు ఎడమచేతి ఆసరా లేకుండానే వడ్డించాను. "పట్టు బాగా వచ్చిందే, ఏం చేస్తున్నారమ్మా?" అని డాక్టరు అడిగాడు. "పండగలు చేస్తున్నా సార్" అన్నాను.

ఇప్పుడు మళ్లీ జేబులు కుడుతున్నాను. మునుపటి వేగం లేదు. సూపర్‌వైజర్ గొణుగుతాడు, గొణగనీ.

నాలాంటి వాళ్లకు ఒక్క మాట. ఫిజియోథెరపీ మానకండి. దాంతోపాటు డాక్టర్ని అడిగి, పడిపోయిన ఆ చేత్తోనే ఇతరులకు ఏదో ఒకటి చేసిపెట్టండి. తెలియనివాళ్ల ముందు చేతిలోది జారిపోతుందేమోనని సిగ్గుపడకండి. నా చేతికి ఓపిక నేర్పింది, ఆకలితో ఉండి కూడా ఆగిన ఆ మనుషులే.