దుప్పటి మీద రాళ్లగుట్ట

నిన్న వీడియో కాల్‌లో అడిగావు కదరా, "అమ్మమ్మా, గోడకి దుప్పటెందుకు కట్టావు, ఎండ పడుతోందా?" అని. ఎండకి కాదు నాన్నా. అది బొమ్మ. ఫోన్లో నీకు ముడతలే కనిపించి ఉంటాయి.

మీ మావయ్య తెల్లాపూర్‌లో ఈ ఫ్లాటు కొన్నప్పుడు, బాల్కనీలోంచి చూస్తే కాంపౌండు గోడ అవతల రాళ్లగుట్ట ఉండేది. రాయి మీద రాయి, దాని మీద ఇంకో రాయి, తుమ్మితే జారిపోతాయేమో అన్నట్టు. గోదావరి పక్క పుట్టినదాన్ని కదా, నాకు ఊరంటే నీళ్లూ, బురదా, పచ్చటి చేలూ. ఈ రాళ్లేమో, ఎవరో ఇల్లు కట్టుకుని మిగిలిన సామాను పారబోసినట్టు అనిపించేవి. చాన్నాళ్లు ఆ తలుపుకి కర్టెన్ వేసే ఉంచాను.

అప్పుడు ఎదురు ఫ్లాటులోకి అద్దెకి ఒకావిడ వచ్చారు. సిద్దిపేట వైపు వాళ్లు, నా ఈడే. మొదటి రోజే నన్ను వదినెను చేసేసుకున్నారు. బతుకమ్మ ఆడేటప్పుడు అప్పటికప్పుడు పాట కట్టేవారు. ఒక సాయంత్రం కాఫీ తాగుతూ అన్నారు.

"వదినె, గా రాళ్లను కొట్టేస్తరంట. బిల్డింగులు లేస్తయంట. నువ్వు ముగ్గులు మంచిగేస్తవ్ గద, జర బొమ్మ గియ్యరాదు. పాట నేను కడ్త."

షరతు కూడా ఆవిడే పెట్టారు. ఆవిడ చూసి పాడిందే నేను గీయాలి. నేను గీసింది చూసి ఆవిడ ఇంకో ముక్క పాడాలి. పాత తెల్ల దుప్పటి తీశాం. ముగ్గుల కోసం ఉంచుకున్న ఎర్రమట్టి జాజు కలిపాను.

మొదటి రోజు "రాళ్ల నడుమ నీళ్లు నిలిచెనమ్మా" అని అందుకున్నారు. నేను చకచకా గీసేశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"వదినె, గీ పడవ ఏ రాయి మీద నడుస్తది?"

"నీళ్లన్నారు కదండీ మీరు."

"నీళ్లన్న. గోదారన్ననా? కొబ్బరిచెట్లు గూడ పెట్టినవ్. ఇగ కాయ కొట్టనీకి గుడొక్కటే తక్కువ."

చూస్తే నిజమే. కాలవ, గట్టు, పడవ, కొబ్బరిచెట్లు. మా ఊరిని లిఫ్టులో ఎక్కించి తెచ్చేశాను. ఇద్దరం నవ్వుతుంటే కాఫీలు చల్లారిపోయాయి.

మర్నాడు సాయంత్రం చెయ్యి పట్టుకుని గుట్ట దగ్గరికి తీసుకెళ్లారు. అన్నాళ్లలో నేను ఆ రాయిని ముట్టుకోవడం అదే మొదలు. పొయ్యి మీంచి దించి కాసేపైన పెనంలా గోరువెచ్చగా ఉంది. సందుల్లో సీతాఫలం చెట్లు, కళ్లు విచ్చిన కాయలు. పక్కనే తంగేడు. రాతి మీద చిన్న గుంట, అందులో దోసెడు వాన నీళ్లు. పిగిలిపిట్ట ఒకటి స్నానం చేస్తోంది. "గివే నీళ్లు," అన్నారు.

ఇంటికొచ్చి పడవని బోర్లించి రాయి చేశాను. ఎడమ పక్క పొడుగ్గా ఉన్నది అదే. కొబ్బరాకుల మీద తంగేడు పూలు పూయించాను. అంచున ఆవిడ పాట రాశాను.

"రాయి మీద రాయెక్కి కూసున్నదమ్మా, ఎత్తింది ఎవ్వరో, దించేది ఎవ్వరో."

దించేవాళ్లు వచ్చేశారు. డ్రిల్లింగు మొదలైంది. వాళ్లు కొట్టడానికి ఏ రాయికి గుర్తు పెడితే ఆ రాయినే ముందుగా గీసేవాళ్లం. ఆ గుట్ట ఇంక ఉండదని తెలుసు, దుప్పటి మీదైనా మొత్తం రావాలని మా ఆరాటం. ఇంతలో వాళ్లబ్బాయి లింగంపల్లిలో ఇల్లు చూసుకున్నాడు. ఆవిడ వెళ్లే రోజుకి కింద ఒక్క మూలే మిగిలింది. నేను కుంచె ముంచాను. ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టారు.

"గీడ ఏం గియ్యకు వదినె."

"ఏం రావాలండీ ఇక్కడ?"

"ఉండనీయ్. రాళ్లన్నీ పోయినంక చెప్త."

ఆవిడ రాకపోతే ఈ ఊరు నాకు కర్టెన్ వెనకాలే ఉండిపోయేదిరా. ఇప్పుడు ఎక్కడ తంగేడు కనిపించినా మనవాళ్లెవరో ఎదురైనట్టు ఉంటుంది. రోజూ దుప్పటి చూసి మనసులో ఆవిడకి దణ్ణం పెట్టుకుంటాను.

పోయిన వారం ఆఖరి రాయి కూడా పోయింది. ఫోన్ చేశాను.

"వదినగారూ, రాళ్లన్నీ పోయాయండీ. ఇప్పుడు చెప్పండి."

"నీకు ఇప్పుడేం కనవడ్తుంది వదినె?"

చెప్పాను. చుట్టూ అడ్డం పెట్టిన నీలం రేకులు, క్రేను, రాయి ఉన్నచోట పెద్ద గొయ్యి, దాన్నిండా వాన నీళ్లు, గట్టున పిగిలిపిట్ట. ఊఁ కొడుతూ అంతా విన్నారు. ఇంతలో అక్కడ కుక్కరు కూత వేసింది. "మల్ల చేస్త" అని పెట్టేశారు. మళ్లీ చేసినా ఆ మాట మాత్రం ఎత్తడం లేదు.

మూల ఇంకా తెల్లగానే ఉంది. ఇన్నాళ్లూ చూసి చెప్పింది ఆవిడ. మొన్న మాత్రం నేను చెప్పాను, ఆవిడ విన్నారు. మరి నేను చూసింది నన్నే గీసుకోమనా, ఆవిడ వచ్చి చూసేదాకా ఆగమనా?