మంద కట్టిన చేను

ఆత్మకూరు బస్టాండు దగ్గర ఎరువుల దుకాణంలో నాది అమ్మే పని. రోజంతా యూరియా, పొటాషు సంచుల ఘాటు ముక్కులో పేరుకుపోయి ఉంటుంది. అయినా ఏ మధ్యాహ్నమో గొర్రెల మంద ఒకటి రోడ్డు దాటుతూ ఉంటే, ఆ ఘాటును పక్కకు తోసేసి ఇంకో వాసన వస్తుంది. తడిసిన ఉన్ని, మూత్రం, కాళ్ల కింద నలిగిన పెంటికలు, ఎండుటాకు అన్నీ కలిసిన వాసన. గిరాకీకి వచ్చినవాళ్లు కండువా అడ్డం పెట్టుకుంటారు. నేను సంచి ఎత్తడం ఆపి నిలబడిపోతాను. నాకు పదకొండేళ్లు వచ్చేస్తాయి, చేతిలో పార ఉంటుంది, కడుపులో మంట ఉంటుంది.

మా ఊరు ఉదయగిరి నుంచి వరికుంటపాడు పోయే దారిలో, కొండ మీద నుంచి వాలుగా దిగిన ఎర్రనేల. తాత పోయాక ఆయన చేను రెండు చెక్కలైంది. పై చెక్క చిన్నాయన రమణయ్యకు, కింది చెక్క మా నాయనకు. మధ్యలో ఒక గట్టు. ఎండాకాలం ఆ గట్టు మీద పిల్లలం బిళ్లంగోడు ఆడేవాళ్లం, ఈతకాయలు ఏరుకునేవాళ్లం, మధ్యాహ్నం అవ్వ కేక వేస్తే సజ్జరొట్టె, పుండుకూర తినడానికి కాళ్లు కాలుతున్నా పరిగెత్తేవాళ్లం. పైనుంచి చిన్నాయన పిల్లలు, కిందనుంచి నేను అదే గట్టు ఎక్కేవాళ్లం.

ఆ ఏడాది మస్తాన్ అని నాయన స్నేహితుడు, లారీ డ్రైవరు, గోదావరి వైపు నుంచి గోనెసంచి నిండా కర్రపెండలం తెచ్చినాడు. అవ్వ వాటిని ఉప్పు వేసి కుండలో ఉడకబెట్టింది. తొక్క తీస్తే లోపల తెల్లగా, పిండిలా పగిలింది. ఎండుమిరపకాయ, వెల్లుల్లి నూరిన కారం అద్దుకుని అందరం కడుపునిండా తిన్నాం. చిన్నాయన కూడా మా అరుగు మీదే కూర్చుని తిన్నాడు. మళ్లీ వచ్చినప్పుడు మస్తాన్ నాటడానికి కర్రముక్కల కట్ట తెచ్చి ఒక మాట చెప్పినాడు.

"ఇది రాళ్లల్లో కూడా వస్తాది అన్నా. కానీ నేలని పీల్చేస్తాది. ముందు నేలకి తిండి పెట్టు, ఆనక గడ్డ అడుగు."

నాయన ఆ వేసవంతా నేలకు తిండి పెట్టినాడు. ఎండిన చెరువులోంచి నల్లమట్టి బండికెత్తి తెచ్చి పరిచినాడు. కానుగ కొమ్మలు కొట్టి, వెంపలి మొక్కలు పీకి పరిచి, వాటి మీద పొయ్యి బూడిద చల్లినాడు. నేను వాటిని తొక్కుకుంటూ తిరిగేవాణ్ణి. అరికాళ్లకు పచ్చి వాసన రాత్రి స్నానం చేసినా పోయేది కాదు. ఇక మిగిలింది మంద ఒక్కటే.

మా వైపు ఎండాకాలంలో పెంచలయ్య అనే ఆయన గొర్రెలు తోలుకొచ్చేవాడు. ఎవరి చేన్లో ఆయన వేపమండ గుచ్చితే ఆ చేనుదే వంతు. దడులు కట్టి వారం రోజులు మందను అక్కడే పడుకోబెడతాడు. ఆ వారం ఆయనకు ఆ ఇంటివాళ్లే కూడు పెట్టాలి. పెంటికలు, మూత్రం పడిన నేలను ఆలస్యం చేయకుండా దున్ని కలిపేస్తే, అంతకు మించిన ఎరువు మాకు తెలియదు. ఆ ఏడు పెంచలయ్య మా చేన్లో మండ గుచ్చినాడు. అమ్మ సంగటికి జొన్నలు విసిరి పెట్టుకుంది. తెల్లారి చూస్తే మండ చిన్నాయన చేన్లో ఉంది. మండ ఉన్న చేన్లోనే దడి కట్టడం కట్టుబాటు, మంద అక్కడికే వచ్చింది.

అవ్వ కర్ర పట్టుకుని గట్టు మీదకు పోయింది. "ఏందిరా రమణయ్యా, అన్న చేన్లో మండ పీకి నీ చేన్లో పెట్టుకుంటావా?"

"నేనెందుకు పీకుతానమ్మా? గాలికి లేచొచ్చిందేమో," అని చిన్నాయన నవ్వినాడు. "అయినా అన్న నేల ఇప్పటికే పెళ్లి భోజనం తినుండాది. ఇంకెంత పెడతాడు దానికి?"

ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినబడుతుంది. నాయన మాత్రం తలపాగా విప్పి మొహం తుడుచుకుని, "పోనీలేమ్మా. పైచేను బలం కిందచేనుకి రాకుండా యాడికి పోతాది?" అన్నాడు.

అది ఓదార్పుకు అన్న మాట. నేను దాన్ని ఉపాయంగా పట్టుకున్నాను. ఆ వారమంతా గట్టు మీద కూర్చుని చిన్నాయన చేన్లో పడే ప్రతి పెంటికనూ మాదే అనుకుంటూ చూశాను. అన్నం తింటున్నా అదే ఆలోచన. చిన్నాయన పిల్లలు ఆటకు పిలిస్తే పోలేదు. పగ పెట్టుకోవడంలో ఒక రుచి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. దాన్ని నాకు ఎవరూ నేర్పలేదు, నేనే పెంచుకున్నాను.

మంద లేచి వెళ్లిన రోజే ఉదయగిరి దుర్గం కొండ మీద మబ్బు పట్టింది. నాయన ఉన్న బలంతోనే బోదెలు వేసి కర్రముక్కలు నాటేసినాడు. చిన్నాయన మర్నాడు దున్నాలని నాగలి సిద్ధం చేసుకున్నాడు. మధ్యాహ్నం అందరూ కూడు తినే వేళ నేను పార తీసుకుని పోయి గట్టును పల్లపు మూలలో, నా మోకాలి లోతుకు తెగ్గొట్టినాను. మట్టి మెత్తగా వచ్చింది. చిన్నాయన దొంగిలించిన బలమంతా వాననీళ్లతో మా బోదెల్లోకి నడిచి వస్తుందని, ఆయన తెల్లారి లేచి బోసినేల చూసుకుని ఏడుస్తాడని అనుకున్నాను. ఆ ఏడుపు చూడాలని ఉంది నాకు. చేతులు కడుక్కుని పోయి సంగటి తిన్నాను.

సాయంత్రం వాన దిగింది. తెల్లారి నేనే అందరికంటే ముందు పోయినాను. పైచేను పైపొర మొత్తం పోయి గులకరాళ్లు తేలి ఉన్నాయి. ఒక్క క్షణం నాకు పట్టరాని సంతోషం. తర్వాత కిందికి చూశాను. మా బోదెలు లేవు. కర్రముక్కలు లేవు. చెరువుమట్టి, కానుగాకు, బూడిద, గొర్రెల ఎరువు అన్నీ కలిసి చేను కింద వంకలో పడి పోయినాయి. మా చేను నడిమధ్యన మనిషి దిగేంత గాడి పడింది. వచ్చిన బలం ఆగడానికి కింద గట్టు ఉండాలని నాకు తోచలేదు.

"కడుపుమంటతో గట్టు తెగ్గొట్టినావే అన్నా!" చిన్నాయన నాగలి అక్కడే పడేసి అరిచినాడు.

"నా కర్రలు నేనే కొట్టుకుపోనిస్తానారా? నువ్వే నా మీదకి నీళ్లు తోలినావు," అన్నాడు నాయన. తమ్ముడి మీద ఆయన గొంతు లేవడం అదే మొదటిసారి.

నేను అవ్వ చీరకొంగు వెనక నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. చెప్పలేదు.

ఆ తర్వాత చిన్నాయన తన చేను నీళ్లన్నీ ఆ గాడిలోకే మళ్లించినాడు. ప్రతి వానకూ అది వెడల్పైంది. నాయన ప్రతి వేసవీ చెరువుమట్టి తట్టలతో మోసి పూడ్చినాడు, నేను ఆయన వెనకే మోసినాను, మోసినంతసేపూ నోరు తెరవలేదు. చిన్నాయన కూతురి పెళ్లికి మేము పోలేదు. నాయన ఆఖరి రోజుల్లో మంచంలో ఉన్నప్పుడు చిన్నాయన వాకిట్లోకి వచ్చి చెప్పులు విప్పితే, "వాణ్ణి పొమ్మను. నా నేలని చంపినాడు," అని గోడవైపు తిరిగినాడు. వాకిలి దాకా వెళ్లి పొమ్మని చెప్పింది నేనే.

మొన్న వేసవిలో దుకాణం ముందు పోయే మందను ఆపి, కాపరిని బతిమాలి మా ఊరికి తోలించినాను. ఈ రోజుల్లో మందలు దొరకడమే కష్టం, మేత నేలలన్నీ జామాయిల్ తోటలైపోయాయి. చిన్నాయన చేన్లో నా చేత్తో వేపమండ గుచ్చి, ఆయన ఇంటికి పోయినాను. ఆయనకు ఎనభై దాటినాయి, చూపు తగ్గింది.

"చిన్నాయనా, ఆ రోజు గట్టు తెగ్గొట్టింది నేను. నాయన కాదు."

ఆయన పక్కనున్న కర్రను తడిమి పట్టుకున్నాడు. "మండ పీకింది నేనే," అన్నాడు. "అది మీ నాయనకి తెలుసు. నీ సంగతి తెలుసా?"

"తెలీదు."

"ఆయనకి చెప్పకుండా నాకు చెప్తుండావా? నలభై ఏళ్లు గట్టు తెంచిన పాపం నా మీద పెట్టి ఇప్పుడు పెంటికలు తెచ్చినావా?" కర్ర ఊతంగా లేచినాడు. "నీ మంద నా చేన్లో వద్దు. నీ చేన్లోనే కట్టుకో పో."

నేను బతిమాలలేదు. ఆ మాట అనే హక్కు ఆయనకుంది.

మండ పీకి కింద గుచ్చినాను. వారం రోజులు మంద మా చేన్లోనే ఉంది. ఇప్పుడక్కడ ఎవరూ ఏమీ నాటడం లేదు, తుమ్మచెట్లు, నడుమ ఆ గాడి. మంద వెళ్లాక ఒకసారి పోయి చూశాను. నేలంతా నల్లగా పెంటికలు పరుచుకుని, అదే వాసన. పదకొండేళ్లప్పుడు నేను కోరింది ఇదే, మంద మా చేన్లో కట్టాలని.