పాచి చాప

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. మా ఇంట్ల అందరికీ ఎరికే. కానీ ఆ కోపంతోటి మా అత్తమ్మకు ఏం చేసిన్నో ఎవ్వరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గైతుంది.

రెండేండ్ల కింద జనగామల మా తల్లిగారింటికి పోయినప్పుడు, నీళ్ల తొట్టిల పెంచే రంగు చాపల దుకాణంల నాలుగు చిన్న గప్పీలు, వాటితోటి ఒక మట్టిరంగు చాప కొన్న. చిటికెన వేలంత ఉంటది. మూతితోటి అద్దానికి అతుక్కొని ఉంటది. "ఇది పాచి తింటది మేడం. అద్దం అదే సాఫ్ చేస్తది, దీంతోటి పరేషాన్ లేదు" అన్నడు దుకాణపాయన. కవర్ల నీళ్లు పోసి కట్టిచ్చిండు. రైల్ల మహబూబాబాద్ దాకా ఒళ్లె పెట్టుకొని తెచ్చిన. ఇంట్ల అద్దాల తొట్టిల ఏసినం, దానికి పాచి చాప అనే పేరు పడ్డది.

ఆ నెలల్నే అత్తమ్మ కంటి ఆపరేషన్ కోసమని గూడూరు దిక్కు పల్లె నుంచి మా ఇంటికొచ్చింది. పట్టీ విప్పినంక పొద్దంతా ఆ చాపల తొట్టి ముంగట కుర్చీ ఏసుకొని కూసునేది. చిన్నపిల్ల లెక్క పాచి చాపతోటి ముచ్చట పెట్టేది. వారం తిరగకముందే నీళ్లు తెల్లగైనయ్, ఒకటే వాసన. చూస్తే అడుగున మెతుకులు! రోజూ పొద్దుగాల, రాత్రి మిగిలిన బువ్వ పిడికెడు అండ్ల ఏస్తుందట.

"పాచి తింటదంటిరి గద బిడ్డా. అందుకే పాచిపోయిన బువ్వ ఏసిన" అన్నది.

నీళ్లల్ల పట్టే ఆకుపచ్చ జిగురూ పాచే, తెల్లారి మిగిలిన బువ్వా పాచే. ఆమె తప్పేముంది? నవ్వి ఊకుంటే అయిపోయేది. పక్కింటామె ముంగటనే, "ఇది మీ ఊర్ల కుడితి గోలెం అనుకున్నవా?" అని ఒర్రిన. కుడితి గోలెమంటే బర్రెలకు ఎంగిలి, తవుడు కలిపి పెట్టే తొట్టి. ఆమె ఆ బర్రెల పాలు అమ్మి మా ఆయనను చదివిచ్చింది. కుర్చీ పట్టుకొని ఎనక గదిలకు పోయింది.

ఆ రోజు నీళ్లన్నీ ఒంపి, అద్దాలు పీచుతోటి తోమిన. అప్పటి సంది రెండు రోజులకోసారి తోముడే. ఎక్కడన్న ఆకుపచ్చ చుక్క కనపడితే నాకు నిద్ర పట్టకపోయేది. ఇంటికొచ్చినోళ్లు "ఎంత సాఫ్ పెట్టినవ్" అంటుంటే మస్తు ఖుషీ. పైన చల్లిన మేత గప్పీలే కాజేసేవి. పాచి చాప పైకి రాదు. ఒట్టి అద్దాన్ని నాకుకుంట తిరిగేది.

ఒకనాడు అత్తమ్మ మంచినీళ్ల కోసం ముందరికొచ్చి, దూరం నుంచే చూసి ఆగింది. "దాని కడుపు ఎన్నుకంటుకుంది బిడ్డా. జర ఆకో అలమో ఏయరాదు?" అన్నది.

"నీకు తెల్వదు, ఊకో అత్తమ్మా" అన్న. వంగి చూడను కూడా చూడలేదు.

ఐదు రోజులకు అది అడుగున రాళ్లల్ల సచ్చి పడున్నది. రోగం చాపను అంటగట్టిండని జనగామ పోయి దుకాణపాయనను నిలదీసిన. ఆయన సల్లగ, "తొట్టిల పాచి ఉంచిండ్రా మేడం?" అని అడిగిండు.

"పాచి ఏడిది? నేను రోజు తప్పి రోజు తోముత" అన్న, గొప్పగ.

ఆయన నా మొఖం దిక్కు చూసిండు. "మరి అదేం తినాలె? ఆకలికి సచ్చింది మేడం. పాచి లేకుంటే కీర ముక్కనో, ఉడికిన పాలకూరనో ఏయాలె" అన్నడు. అక్కడ్నే భూమిల చొచ్చుకపోవాలనిపిచ్చింది.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గడపల్నే నిలబడ్డది. ఎనక మా ఆయన కూసున్నడు.

"ఏమన్నడు బిడ్డా? నేనేసిన బువ్వకేనా సచ్చింది?" అన్నది. ఇన్ని దినాలు అదే మనసుల పెట్టుకొని కుమిలినట్టుంది. కాదు అత్తమ్మా, నేనే సంపిన అనే మాట నాలిక మీదికొచ్చింది. మా ఆయన తలెత్తి నా దిక్కే చూస్తుండు.

"పోనీలే అత్తమ్మా, తెల్వక ఏసినవ్ గద" అన్న.

ఆమె కొంగుతోటి మొఖం తుడుచుకొని, నా చెయ్యి రెండు చేతులతోటి పట్టుకున్నది. "నీ మనసు మంచిది బిడ్డా" అన్నది.